అవయవ మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్లు: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

అవయవ మార్పిడి చేయించుకున్నవారి నుంచి, వారిని కంటికి రెప్పలా చూసుకుంటున్న కుటుంబసభ్యుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇన్ఫెక్షన్ల గురించే ఉన్నాయి. ఒకే సందేహం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాను. రాసినవారి పేర్లూ వివరాలూ ప్రచురించడం లేదు. ఇక్కడ చెప్పినవి విషయం అర్థం కావడానికే తప్ప, మీ మార్పిడి బృందం ఇచ్చే సలహాకు బదులుగా వాడుకోవడానికి కావు. మందుల మోతాదు విషయంలో వారి మాటే వినండి.

ప్రశ్న: మా వారికి కిడ్నీ మార్పిడి జరిగి నాలుగు నెలలైంది. ఇటీవల ఒక రాత్రి ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటర్ పెట్టి చూశాం, 100.6 డిగ్రీలు ఉంది. దగ్గు, జలుబు, నొప్పి ఏమీ లేవు. పారాసెటమాల్ వేసుకుంటే తెల్లారేసరికి తగ్గిపోయింది కదా అని ఊరుకున్నాం. మళ్ళీ ఇలా వస్తే ఆసుపత్రికి వెళ్ళాల్సిందేనా?

జవాబు: వెళ్ళాల్సిందేనమ్మా. ఈసారి కూడా ఊరుకోకుండా, ఈ జవాబు చదివిన వెంటనే మీ బృందానికి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. మార్పిడి చేయించుకున్న వ్యక్తికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, దాటి వచ్చిన జ్వరాన్ని మేము చిన్న జ్వరం అనుకోము.

జ్వరం, వాపు, ఎరుపు, నొప్పి, చీము అన్నవి చాలావరకు సూక్ష్మజీవి వల్ల నేరుగా కలిగేవి కావు. దానితో పోరాడే క్రమంలో మన శరీరం చూపించే లక్షణాలు. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆ పోరాటాన్నే మందులతో అణచి ఉంచినప్పుడు లక్షణాలు కూడా అణగిపోతాయి. నిమోనియా మొదలైన మనిషికి జ్వరం 99.5 దగ్గరే ఆగిపోవచ్చు, దగ్గు అసలు రాకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే దాదాపు మామూలుగా కనిపించి సీటీ స్కాన్‌లో మాత్రమే తేడా బయటపడవచ్చు. పేగుకు రంధ్రం పడినా, స్టెరాయిడ్ వాడుతున్న వ్యక్తి పొట్టలో కొద్దిగా ఇబ్బందిగా ఉందని మాత్రమే చెప్పవచ్చు. అందువల్ల మామూలు మనిషికి 103 డిగ్రీల జ్వరాన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటామో, మీ వారికి 100.6 డిగ్రీలను అంత తీవ్రంగా తీసుకోవాలి. పారాసెటమాల్‌తో జ్వరం దిగడం జబ్బు తగ్గినట్లు కాదు. ఉన్న ఒక్క ఆధారం కూడా కనబడకుండా పోయినట్లు. డాక్టర్‌తో మాట్లాడకముందే ఆ మాత్ర వేసుకోవద్దని నేను చెప్పడానికి కారణం అదే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రల జోలికి అసలే వెళ్ళకండి, అవి కొత్త కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి.

ఆసుపత్రిలో సాధారణంగా రక్తకణాల సంఖ్య, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, నిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ అనే మందు లెవెల్, రక్తం, మూత్రం కల్చర్లు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలు), ఛాతీ పరీక్ష చేస్తారు. నాలుగో నెల కాబట్టి సైటోమెగలో వైరస్ (సీఎంవీ) కోసం పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, కూడా పంపుతారు. ఇన్ఫెక్షన్ లేకుండా, శరీరం అవయవాన్ని తిరస్కరించడం వల్ల కూడా జ్వరం రావచ్చు. ఈ రెండింటికీ చికిత్సలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం కాబట్టి ఊహ మీద మందులివ్వడం కుదరదు. బయలుదేరేటప్పుడు ఒక కాగితం మీద జ్వరం ఏ సమయంలో ఎంత ఉందో, మూత్రం తగ్గిందో లేదో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, గత రెండు వారాల్లో కొత్తగా ఏ మందు వాడారో రాసి తీసుకెళ్ళండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ మీ వారిని మొదటిసారి చూస్తూ ఉండవచ్చు. ఆ కాగితమే చాలా సమయం కలిసివచ్చేలా చేస్తుంది. జ్వరం లేకపోయినా, కొత్తగా మెట్లెక్కితే ఆయాసం రావడం, వదలని తలనొప్పి, మాటలో తడబాటు కనిపిస్తే కూడా ఇదే పని చేయండి.

ప్రశ్న: మా తమ్ముడికి కాలేయ మార్పిడి జరిగి ఏడాదిన్నర అయింది. ఈ మధ్య ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చింది. "నిరోధక శక్తిని చంపే మాత్రల వల్లే కదా ఇదంతా" అని వాడు వాటిని మూడు రోజులు మానేశాడు. ఇన్ఫెక్షన్ తగ్గేదాకా మానేస్తే తప్పేమిటి?

జవాబు: మీ తమ్ముడి ఆలోచనలో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మేము కూడా కొన్ని మందులు తగ్గిస్తాం, ముఖ్యంగా మైకోఫెనొలేట్‌ను తగ్గించడమో కొన్నాళ్ళు ఆపడమో చేస్తాం. అయితే ఏ మందును, ఎంత, ఎన్ని రోజులు అన్నది అవయవాన్ని బట్టి, రక్తపరీక్షలను బట్టి రోజురోజుకూ నిర్ణయించే విషయం. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన వ్యక్తి దాన్ని ఒక్కసారిగా మానేస్తే, శరీరం సొంతంగా కార్టిసాల్ హార్మోన్ తయారు చేసుకోలేక రక్తపోటు పడిపోయే ప్రమాదం వేరే ఉంది.

ఈ మందులు ఎందుకు తప్పవో మార్పిడి చరిత్రే చెబుతుంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మరే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో దాత, గ్రహీత ఒకే పోలికతో పుట్టిన కవలలు. జన్యుపరంగా తేడా లేకపోవడం వల్ల శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా గుర్తించలేదు, నిరోధక శక్తిని అణచాల్సిన అవసరమూ రాలేదు. కవలలు కాని వారి మధ్య మార్పిడికి ఆ వెసులుబాటు లేదు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన తొలి గుండె మార్పిడిలో గ్రహీత లూయీ వాష్కాన్స్కీ 18 రోజులు జీవించారు. అమర్చిన గుండె బాగానే పనిచేస్తుండగా ఆయన నిమోనియాతో మరణించారు. తిరస్కరణను ఆపడానికి ఇచ్చిన చికిత్స ఆయన శరీరాన్ని ఇన్ఫెక్షన్ ముందు నిస్సహాయంగా నిలబెట్టింది. 1983లో అమెరికాలో ఆమోదం పొందిన సైక్లోస్పోరిన్, ఆ తర్వాత వచ్చిన టాక్రోలిమస్ రక్తకణాలన్నిటినీ దెబ్బతీయకుండా ప్రధానంగా టి కణాల, అంటే పరాయివాటిని గుర్తుపట్టి దాడి చేసే తెల్ల రక్తకణాల, పనిని అడ్డుకుంటాయి. అప్పటి నుంచే మార్పిడి మామూలు చికిత్సగా నిలదొక్కుకుంది.

మీ తమ్ముడికి మీరు చెప్పవలసిన మాట ఒకటుంది. మందులు మానడం వల్ల తిరస్కరణ మొదలైతే దాన్ని ఆపడానికి ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఇంజెక్షన్ రూపంలో ఇవ్వాలి, కొందరికి టి కణాలను తుడిచిపెట్టే యాంటీబాడీలు కూడా ఇవ్వాలి. అప్పుడు అతను ఇప్పుడున్న దానికన్నా ఎంతో ఎక్కువ ఇన్ఫెక్షన్ ప్రమాదంలో పడతాడు. ఇన్ఫెక్షన్ నుంచి తప్పించుకుందామని మానిన మాత్రలే చివరికి పెద్ద ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తాయి. మానేసిన సంగతి వెంటనే డాక్టర్‌కు చెప్పమనండి. తిడతారన్న భయంతో ఈ విషయం దాచేవారు చాలామంది ఉంటారు. దాచడం వల్ల మేము తప్పు దిశలో వెతుకుతూ విలువైన రోజులు పోగొట్టుకుంటాం.

ప్రశ్న: ఈ ఇన్ఫెక్షన్ భయం జీవితాంతం ఒకేలా ఉంటుందా? మార్పిడి జరిగిన మొదటి రోజున ఎంత జాగ్రత్తగా ఉన్నామో పదేళ్ళ తర్వాత కూడా అంతే ఉండాలా?

జవాబు: అక్కర్లేదు, అలా ఉండటం సాధ్యమూ కాదు. ప్రమాదం కాలంతో పాటు మారుతుంది. మీరు ఇప్పుడు ఏ దశలో ఉన్నారో తెలిస్తే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో మీకే స్పష్టమవుతుంది.

మొదటి నెలలో వచ్చే ఇన్ఫెక్షన్లు చాలావరకు పెద్ద ఆపరేషన్ చేయించుకున్న ఎవరికైనా వచ్చేలాంటివే: కుట్ల దగ్గర చీము, మూత్రనాళపు ఇన్ఫెక్షన్, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు వచ్చే నిమోనియా, రక్తనాళంలో పెట్టిన క్యాథెటర్ల నుంచి పాకే బాక్టీరియా. ఇవి ఆసుపత్రి వాతావరణంలోవి కాబట్టి మామూలు యాంటీబయోటిక్స్‌కు లొంగని రకాలు ఎక్కువ. దాత అవయవంతో పాటు వచ్చే ఇన్ఫెక్షన్లు కూడా సాధారణంగా ఈ మొదటి వారాల్లోనే బయటపడతాయి. దాతకు హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ వంటి పరీక్షలు చేసే అవయవం తీసుకుంటారు. అయినా ఎవరూ ఊహించనివి అరుదుగా తప్పించుకుంటాయి. 2004లో అమెరికాలో ఒకే దాత నుంచి అవయవాలు, రక్తనాళపు ముక్క స్వీకరించిన నలుగురు రేబిస్‌తో మరణించారు. ఇలాంటి ఘటనలు చాలా అరుదు. అయినా దాత చివరి రోజుల్లో ఏ లక్షణాలతో ఉన్నాడు, ఏ జంతువు కరిచింది అన్న ప్రశ్నలు ఎంత ముఖ్యమో వాటి వల్లే తెలిసింది.

రెండో నెల నుంచి ఆరో నెల దాకా ఉండే కాలం వేరు. మందుల పూర్తి ప్రభావం అప్పుడే ఒంటి మీద ఉంటుంది. ఆరోగ్యవంతుల ఒంట్లో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా పడి ఉండే జీవులు అప్పుడు నిద్రలేస్తాయి: సైటోమెగలో వైరస్, ఎప్‌స్టైన్ బార్ వైరస్, బీకే వైరస్, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్, టాక్సోప్లాస్మా, నోకార్డియా, క్షయ. నేల మీద చెప్పుల్లేకుండా నడిచినప్పుడు ఎప్పుడో ఒంట్లో చేరిన స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు దశాబ్దాల తర్వాత ఈ సమయంలో విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తేగలదు. మార్పిడికి ముందే పరీక్ష చేసి ఐవర్‌మెక్టిన్ ఇస్తే ఆ గండం తప్పుతుంది. ఈ నెలల్లో మీకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్రను దయచేసి చిన్నచూపు చూడకండి. న్యుమోసిస్టిస్ నిమోనియాను అది దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. టాక్సోప్లాస్మా, నోకార్డియా, కొన్ని మూత్ర ఇన్ఫెక్షన్ల నుంచి కూడా కొంత రక్షణ ఇస్తుంది. సల్ఫా పడనివారు మానేయకుండా ఆ మాట డాక్టర్‌తో చెప్పాలి, వేరే మందులు ఉన్నాయి.

ఆరు నెలలు దాటి, అవయవం బాగా పనిచేస్తూ, మందుల మోతాదు తగ్గినవారికి ఎక్కువగా వచ్చేవి అందరికీ వచ్చే ఇన్ఫెక్షన్లే: ఫ్లూ, నిమోనియా, మూత్ర ఇన్ఫెక్షన్, సర్పి. వచ్చినప్పుడు తీవ్రత ఎక్కువగా ఉంటుంది, అంతే తేడా. ఈ ఊరట మాత్రం అందరికీ దక్కదు. పదేపదే తిరస్కరణకు చికిత్స తీసుకున్నవారికి ఐదో ఏట కూడా రెండో నెలలో ఉన్నంత ప్రమాదం ఉండవచ్చు. వారి గడియారం ప్రతి చికిత్సతోనూ మళ్ళీ మొదటికి వస్తుంది. అవయవాన్ని బట్టి కూడా తేడా ఉంది. ఊపిరితిత్తి ప్రతి శ్వాసతోనూ బయటి గాలికి నేరుగా తగులుతుంది కాబట్టి ఆ మార్పిడి చేయించుకున్నవారికి ఆస్పర్జిల్లస్ వంటి ఫంగస్‌ల ముప్పు ఏళ్ళ తరబడి ఉంటుంది. కూల్చివేత పనులు, తవ్వకాలు, కుళ్ళిన ఎరువు కదిలించే చోట్లకు వారు దూరంగా ఉండటం మంచిది.

ప్రశ్న: నాకు కిడ్నీ ఇచ్చింది మా అమ్మ. ఆమెకు సీఎంవీ పాజిటివ్, నాకు నెగెటివ్ అని రిపోర్టులో రాశారు. అంటే అమ్మకు జబ్బు ఉందా? ఆమె నుంచి నాకు అంటిందని ఆమె కుమిలిపోతోంది.

జవాబు: ముందుగా మీ అమ్మగారికి చెప్పండి, ఆవిడకు ఏ జబ్బూ లేదు. సైటోమెగలో వైరస్ ప్రపంచంలో పెద్దవారిలో ఎక్కువమందికి చిన్నతనంలోనో యవ్వనంలోనో సోకి, పెద్దగా తెలియకుండానే అణగి, జీవితాంతం కణాలలో నిద్రాణంగా ఉండిపోతుంది. ఆవిడ రక్తంలో కనిపించింది ఆ పాత పరిచయానికి గుర్తు మాత్రమే. మీకు ఆ వైరస్ ఎన్నడూ సోకలేదు కాబట్టి దాన్ని గుర్తుపట్టే టి కణాలు మీలో లేవు. కిడ్నీతో పాటు వైరస్ వచ్చి, నిరోధక శక్తి అణగి ఉన్న శరీరంలో మొదటిసారి మేల్కొంటే జ్వరం, తెల్ల రక్తకణాల తగ్గుదల, విరేచనాలు, కాలేయ వాపు రావచ్చు. పైగా అది తిరస్కరణ ముప్పునూ ఇతర ఇన్ఫెక్షన్ల ముప్పునూ పెంచుతుంది. దాత పాజిటివ్, గ్రహీత నెగెటివ్ అన్నదే ఈ వైరస్ విషయంలో అత్యధిక ప్రమాదం ఉన్న జత.

అందుకే మీకు వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తారు. మీలాంటి జత ఉన్న కిడ్నీ గ్రహీతల మీద జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, ఈ మందును 100 రోజులు వాడినవారిలో 36.8 శాతం మందికి ఏడాదిలోగా సీఎంవీ జబ్బు వస్తే, 200 రోజులు వాడినవారిలో అది 16.1 శాతానికి తగ్గింది. ఆరు నెలల పాటు వాడమనడం వెనక ఉన్న ఆధారం ఇదే. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది, మోతాదును కిడ్నీ పనితీరును బట్టి మార్చాలి, కాబట్టి చెప్పిన తేదీలకు రక్తపరీక్ష తప్పనిసరి. మరొక మాట: మందు ఆపిన తర్వాతి మూడు నెలలే చాలామందికి జబ్బు వచ్చే కాలం. కోర్సు పూర్తయిందన్న ధీమాతో ఆ నెలల్లో నీరసాన్ని, విరేచనాలను పట్టించుకోకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం.

ప్రశ్న: మా అక్కకు కిడ్నీ మార్పిడి అయిన ఎనిమిదో నెలలో బీకే వైరస్ కనిపించింది. దానికి మందు ఇవ్వకుండా, ఉన్న మందులే తగ్గించారు. ఇది సరైన చికిత్సేనా?

జవాబు: సరైనదే. బీకే వైరస్‌ను చంపుతుందని గట్టిగా నిరూపణ అయిన మందు ఇప్పటివరకు లేదు. 1971లో ఒక కిడ్నీ గ్రహీత మూత్రంలో తొలిసారి గుర్తించిన ఈ వైరస్, పెద్దవారిలో 80 శాతానికి పైగా మందికి చిన్నప్పుడే సోకి కిడ్నీలో, మూత్రనాళంలో ఉండిపోతుంది. మార్పిడి తర్వాత అది పెరిగితే జ్వరమూ ఉండదు, నొప్పీ ఉండదు. కిడ్నీ లోపలి నాళికలను తినేస్తూ, చివరికి క్రియాటినిన్ పెరిగినప్పుడు బయటపడుతుంది, అప్పటికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొదటి నెలల్లో నెలనెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి రెండేళ్ళ దాకా రక్తంలో పీసీఆర్ చేస్తూ ఉంటారు. మిల్లీలీటరుకు 10,000 కాపీలు దాటినా, లేక 1,000 దాటి కొన్ని వారాలు అలాగే నిలిచినా, సాధారణంగా మైకోఫెనొలేట్‌ను గానీ టాక్రోలిమస్‌ను గానీ తగ్గిస్తారు. వైరస్‌ను అదుపు చేసేది మీ అక్క సొంత టి కణాలే, వాటికి కాస్త చోటివ్వడమే ఈ చికిత్స. తగ్గించినప్పుడు తిరస్కరణ తలెత్తకుండా క్రియాటినిన్ తరచుగా చూడాలి. వైరస్ దిగడానికి నెలలు పట్టవచ్చు, ఓపిక పట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో మామగారికి క్షయ అని తేలింది. నాకు మూడేళ్ళ కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. ఆయన్ని చూసుకునేది నేనే. ఏం చేయాలి?

జవాబు: ఆయనకు వైద్యం మొదలైన ఆ మొదటి వారాల్లో ఆయన్ని చూసుకునే బాధ్యత ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి. ఇది నిర్దాక్షిణ్యంగా అనిపించవచ్చు గానీ, అవయవ గ్రహీతలకు క్షయ ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే 20 నుంచి 74 రెట్లు అధికమన్న అంచనా వైద్య సాహిత్యంలో తరచుగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు సరైన మందులు మొదలుపెట్టాక సుమారు రెండు వారాలకు అంటువ్యాధి తీవ్రత బాగా తగ్గుతుంది, మందులకు లొంగని క్షయ అయితే ఆ లెక్క వర్తించదు. ఈలోగా ఆయన గదికి గాలి, వెలుతురు ధారాళంగా రానివ్వండి, ఆయన మాస్కు పెట్టుకోవాలి. మీరు వెంటనే మీ డాక్టర్‌ను కలిసి క్షయ సోకిందేమో చెప్పే ఇగ్రా రక్తపరీక్ష గానీ మాంటూ చర్మ పరీక్ష గానీ, దానితో పాటు ఛాతీ పరీక్ష చేయించుకోండి. నిరోధక శక్తి అణగినవారిలో ఈ పరీక్షలు తప్పుగా నెగెటివ్ రావచ్చు కాబట్టి, ఫలితం ఎలా ఉన్నా ముందుజాగ్రత్త మందు అవసరమా అన్నది మీ డాక్టరే నిర్ణయిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. క్షయ చికిత్సలో ప్రధానమైన రిఫాంపిసిన్, కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి టాక్రోలిమస్‌ను వేగంగా ఖర్చు చేయిస్తుంది. మోతాదు మార్చకపోతే కొద్ది రోజుల్లోనే రక్తంలో టాక్రోలిమస్ దాదాపు లేనంతగా పడిపోయి, తిరస్కరణ మొదలుకావచ్చు. దీనికి విరుద్ధంగా క్లారిత్రోమైసిన్, ఫ్లూకనజోల్, వోరికనజోల్, కోవిడ్‌కు ఇచ్చే రిటోనావిర్ కలిసిన మాత్రలు టాక్రోలిమస్‌ను ప్రమాదకరమైన స్థాయికి పెంచి కిడ్నీని, నరాలను దెబ్బతీయగలవు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస పళ్ళదీ అదే దారి. నిరోధక శక్తి పెంచుతాయని అమ్మే మూలికా మందులు ఇంకో రకం ప్రమాదం. మీరు డబ్బు పెట్టి, జాగ్రత్తగా అణచి ఉంచిన దాన్నే రెచ్చగొట్టినట్లవుతుంది. ఏ డాక్టర్ ఏ మందు రాసినా, అది దంతవైద్యుడైనా చర్మవైద్యుడైనా సరే, మార్పిడి బృందానికి చెప్పిన తర్వాతే మొదటి మాత్ర వేసుకోండి.

ప్రశ్న: మార్పిడి అయినవారు టీకాలు వేయించుకోవచ్చా? ఇంట్లో పసిపిల్లలకు టీకాలు వేయిస్తే తాతగారికి ప్రమాదమా?

జవాబు: బతికి ఉన్న, బలహీనపరచిన సూక్ష్మజీవులతో చేసిన టీకాలు మార్పిడి తర్వాత సాధారణంగా వేయించుకోకూడదు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా కలిసిన టీకా, ఆటలమ్మ టీకా, ఎల్లో ఫీవర్ టీకా, బీసీజీ, నోటి పోలియో చుక్కలు, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఈ కోవలోవి. అవసరమైతే మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అవి పూర్తి కావాలి. అందుకే మార్పిడి కోసం వేచి ఉండే జాబితాలోకి పేరు ఎక్కిన రోజునే టీకాల లెక్క తేల్చుకోమని నేను పట్టుబడతాను. మృత టీకాలు, సూక్ష్మజీవి భాగాలతో చేసినవి నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా: ఏటా ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకోకస్, హెపటైటిస్ బి, కోవిడ్, సర్పి రాకుండా ఇచ్చే రీకాంబినెంట్ టీకా. ఫ్లూ టీకాను మార్పిడి అయిన నెల తర్వాత నుంచే ఇవ్వవచ్చు.

టీకా వేయించుకున్నంత మాత్రాన పూర్తి రక్షణ వచ్చిందనుకోకండి. 2021లో అమెరికాలో 658 మంది గ్రహీతలను పరిశీలించినప్పుడు, కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకా రెండు డోసుల తర్వాత 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. మైకోఫెనొలేట్ వంటి మందులు వాడేవారిలో స్పందన మరీ తక్కువ. అందువల్ల వారి చుట్టూ ఉన్నవారు టీకాలు వేయించుకోవడం వారికి సగం రక్షణ. పిల్లల టీకాలు ఆపవద్దు. నోటి పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షన్ ఇప్పించే వీలు ఉందేమో పిల్లల డాక్టర్‌ను అడగండి. రోటావైరస్ చుక్కలు వేసిన తర్వాత నాలుగు వారాల పాటు పాప డైపర్లు తాతగారు మార్చకుండా చూడండి. ఆటలమ్మ టీకా తర్వాత పాపకు పొక్కులు వస్తే అవి ఎండేదాకా కాస్త దూరంగా ఉంచండి. మిగతా రోజుల్లో మనవరాలిని ఎత్తుకోవడానికి అడ్డేమీ లేదు.

ప్రశ్న: మూత్రంలో బాక్టీరియా ఉందని రిపోర్ట్ వచ్చింది. మంట లేదు, జ్వరం లేదు. మార్పిడి జరిగి రెండేళ్ళయింది. డాక్టర్ యాంటీబయోటిక్ రాయలేదు.

జవాబు: రాయకపోవడమే మంచి వైద్యం. మొదటి ఒకటి రెండు నెలలు దాటాక, ఏ లక్షణమూ లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉంటే చికిత్స వల్ల మేలు జరగదని అధ్యయనాలు చూపించాయి. మందులకు లొంగని బాక్టీరియాను పెంచుకోవడమే మిగులుతుంది. మంట, జ్వరం, కిడ్నీ పెట్టిన చోట నొప్పి, క్రియాటినిన్ పెరగడం వంటివి కనిపిస్తే మాత్రం అదే రోజు చెప్పండి.

ప్రశ్న: తిండి, నీళ్ళు, పెంపుడు జంతువుల విషయంలో ఏం పాటించాలి?

జవాబు: కాచని, పాశ్చరైజ్ చేయని పాలు, సగం ఉడికిన మాంసం, పచ్చి గుడ్డు, కడగని పచ్చి కూరగాయలు వద్దు. లిస్టీరియా, సాల్మొనెల్లా వీటి నుంచే వస్తాయి. సరిగా ఉడకని పంది మాంసం నుంచి వచ్చే హెపటైటిస్ ఇ, మామూలువారిలో తనంతట తనే తగ్గిపోయేది, గ్రహీతలలో దీర్ఘకాలిక కాలేయ జబ్బుగా మారగలదు. శుభ్రత మీద నమ్మకం లేని నీటిని తెర్లేలా మరిగించి తాగండి. పిల్లి మలం ఎత్తడం, పక్షుల గూళ్ళు శుభ్రం చేయడం ఇంట్లో వేరేవారికి అప్పగించండి. కుక్క ఉంటే ఉండనివ్వండి. దానికి టీకాలు వేయించి, ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఇన్ని ఇన్ఫెక్షన్ల గురించి చదివాక మా నాన్నగారు మార్పిడి వద్దు, డయాలసిస్ మీదే ఉంటానంటున్నారు. నిజంగా ఏది మేలు?

జవాబు: మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగినదే, కానీ లెక్క ఆయన అనుకున్న దిశలో లేదు. అమెరికాలో మార్పిడి జాబితాలో ఉన్నవారిని, మరణించిన దాత కిడ్నీ పొందినవారిని పోల్చి 1999లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో మరణ ప్రమాదం, జాబితాలో ఉండి డయాలసిస్ చేయించుకుంటున్నవారితో పోలిస్తే 2.8 రెట్లు ఎక్కువగా ఉంది. 18 నెలల నాటికి అదే ప్రమాదం, డయాలసిస్ మీద ఉన్నవారికి ఉన్న దానిలో మూడో వంతుకు దిగిపోయింది. అంటే ముప్పు మొదట్లో కుప్పగా వస్తుంది, ఫలితం ఏళ్ళ తరబడి దక్కుతుంది. డయాలసిస్ కూడా ఇన్ఫెక్షన్ లేని చోటు కాదు. మెడలో క్యాథెటర్‌తో డయాలసిస్ చేయించుకునేవారికి రక్తంలో ఇన్ఫెక్షన్ రావడం తరచుగా చూస్తాం, కిడ్నీ జబ్బే నిరోధక శక్తిని తగ్గిస్తుంది.

అయితే ఈ లెక్కలు జాబితాలోకి ఎక్కదగినంత ఆరోగ్యంగా ఉన్నవారివి. మీ నాన్నగారి గుండె పరిస్థితి, వయసు, మధుమేహం, పాత క్షయ వంటివి చూసి చెప్పాలి. మార్పిడి తర్వాత మరణాలకు ప్రధాన కారణాలు గుండె జబ్బు, ఇన్ఫెక్షన్, క్యాన్సర్. నిరోధక శక్తి అణగి ఉండటం వల్ల చర్మ క్యాన్సర్లు, ఎప్‌స్టైన్ బార్ వైరస్‌తో ముడిపడిన లింఫోమాలు మామూలువారికన్నా ఎక్కువగా వస్తాయి కాబట్టి ఏడాదికోసారి చర్మ పరీక్ష, మహిళలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష మానకూడదు. ఇదంతా ఆయన ముందు దాచకుండా పెట్టి, డాక్టర్ దగ్గర కూర్చుని మాట్లాడించండి. నిర్ణయం ఆయనదే కావాలి, భయంతో తీసుకున్నది మాత్రం కాకూడదు.

ప్రశ్న: టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష ఉన్న రోజు ఉదయం మాత్ర వేసుకుని వెళ్ళాలా? ఈ మధ్య విరేచనాలతో ఉన్నప్పుడు లెవెల్ చాలా ఎక్కువ వచ్చింది.

జవాబు: వేసుకోకుండా వెళ్ళండి. రోజుకు రెండుసార్లు వేసుకునేవారైతే, ముందు రోజు రాత్రి మాత్రకు పన్నెండు గంటల తర్వాత, ఉదయం మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. మాత్ర డబ్బా వెంట తీసుకెళ్ళి, రక్తం ఇవ్వగానే వేసుకోండి. మాత్ర వేసుకున్న గంటకు రక్తం ఇస్తే లెవెల్ తప్పుగా ఎక్కువ వచ్చి, అవసరం లేకుండా మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది. పొరపాటున వేసుకుంటే సిగ్గుపడకుండా ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పి, ఇంకో రోజు రండి.

విరేచనాల వల్ల మీ లెవెల్ నిజంగానే పెరిగి ఉండవచ్చు. పేగు గోడలో ఈ మందును విచ్ఛిన్నం చేసి, వెనక్కి నెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. విరేచనాలలో ఆ గోడ దెబ్బతిని మందు ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. అదే సమయంలో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ మీద భారం పెరుగుతుంది. కాబట్టి విరేచనాలు ఒక రోజు దాటితే లెవెల్, క్రియాటినిన్ రెండూ చూడమని అడగండి, మలపరీక్షతో పాటు సీఎంవీ కూడా. మైకోఫెనొలేట్ వల్ల కూడా విరేచనాలు వస్తాయి గనుక కారణం తేలేదాకా విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వాడకండి. తగ్గిన తర్వాత వారం లోపల లెవెల్ మళ్ళీ చేయించండి, ఎందుకంటే విరేచనాల సమయంలో తగ్గించిన మోతాదు పేగు కోలుకున్నాక చాలకపోవచ్చు.